అయ్యంకి వెంకటరమణయ్య

అయ్యంకి వెంకటరమణయ్య (జులై 24, 1890 - మార్చి 7, 1979) ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి ఆద్యుడు, పత్రికా సంపాదకుడు. విజయవాడ కేంద్రంగా ఆరు దశాబ్దాలకు పైగా పౌర గ్రంథాలయాల స్థాపనకు, వాటి సంఘటనకు కృషి చేశాడు. గ్రంథాలయోద్యమ పితామహుడిగా ప్రసిద్ధి పొందాడు. పుస్తకాలను భద్రపరచే గదిగా ఉన్న గ్రంథాలయాన్ని ఊరివారందరూ కలుసుకొనే, చదువురానివారు కూడా లాభం పొందే ప్రజాసంస్థగా మార్చడం ఈయన ఉద్యమ లక్ష్యం. 1972లో భారత ప్రభుత్వం ఈయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

తొలి జీవితం

వెంకటరమణయ్య తూర్పు గోదావరి జిల్లా, పూర్వపు రామచంద్రపురం తాలూకాలోని కొంకుదురు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ఇప్పుడు బిక్కవోలు మండలంలో ఉంది. ఈయన యౌవనంలో అడుగుపెట్టే నాటికి వందేమాతర ఉద్యమం ఆంధ్ర ప్రాంతంలో బలంగా సాగుతున్నది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నం పట్టణాలలో చేసిన ఉపన్యాసాలు ఆనాటి యువకులను ఎంతగానో కదిలించాయి. అలా ప్రభావితులైన వారిలో వెంకటరమణయ్య ఒకడు. స్వదేశీ భావాలను ప్రచారం చేయడానికి పత్రిక, పుస్తకం అనే రెండు సాధనాలను ఈయన ఎంచుకున్నాడు.

1910లో మచిలీపట్నం నుండి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రికను వెలువరించాడు. ఆధునిక తెలుగు కథకు తొలి మెట్టుగా చాలామంది విమర్శకులు భావించే గురజాడ అప్పారావు దిద్దుబాటు కథ 1910 ఫిబ్రవరిలో ఈ పత్రికలోనే అచ్చయింది. అప్పటికి వెంకటరమణయ్య వయస్సు ఇరవై సంవత్సరాలు కూడా నిండలేదు. ఆ తరువాత కార్యరంగాన్ని విజయవాడకు మార్చుకున్నాడు.

ఆనాటి పరిస్థితులు

1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలు విస్తరించాయి. వ్యవసాయంతో పాటు పడవ ప్రయాణాలు, వ్యాపారం పెరిగాయి. రైలుమార్గాల కూడలిగా విజయవాడ వేగంగా ఎదిగింది. చేతిలో కొంత సొమ్ము ఉన్న రైతు కుటుంబాలు పిల్లలను చదివించసాగాయి. కాని అక్షరాస్యత చాలా తక్కువ. మద్రాసు రాష్ట్రంలో చదవగలిగినవారు నూటికి 10 మంది కూడా లేరు. స్త్రీలలో ఈ సంఖ్య మరీ తక్కువ. అంటరానివారుగా ముద్రపడిన కులాలకు బడి తలుపులే తెరుచుకోలేదు. కలరా, మశూచి, చలిజ్వరం వంటి వ్యాధులు తరచుగా వచ్చేవి. వాటి నివారణకు సంబంధించిన కొత్త శాస్త్ర విషయాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండటం వలన గ్రామస్థులకు అందేవి కావు.

ఈ లోటును తీర్చడానికి తెలుగు గ్రంథమాలలు పూనుకున్నాయి. కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించింది. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి వంటివారు ఆరోగ్య, జీవశాస్త్ర విషయాలపై తెలుగులో వ్రాశారు. అయితే పుస్తకం అచ్చయినంత మాత్రాన పల్లెకు చేరదు. కొనగలిగే స్తోమత కొద్దిమందికే ఉన్నది, చదవగలిగే శక్తి అంతకంటె తక్కువమందికి ఉన్నది. ఈ రెండు అడ్డంకులను ఒకేసారి దాటించగల సంస్థ ఉచిత గ్రంథాలయమేనని వెంకటరమణయ్య గుర్తించాడు.

1914 మహాసభ

అప్పటికే పలు ఊళ్ళలో గ్రంథాలయాలు ఉన్నాయి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో ఏర్పడింది. అయితే ఒక ఊరి గ్రంథాలయానికి మరొక ఊరి గ్రంథాలయంతో సంబంధం ఉండేది కాదు. స్థాపించిన ఉత్సాహవంతుడు ఊరు విడిచిపోతే పుస్తకాల బీరువాకు తాళం పడేది. ఈ విడి సంస్థలన్నింటినీ ఒక త్రాటిపైకి తేవడానికి 1914 ఏప్రిల్ 10న విజయవాడలోని రామమోహన ధర్మ గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఈ సభ ఏర్పాట్లలో వెంకటరమణయ్య, సూరి వేంకట నరసింహశాస్త్రి ముఖ్యపాత్ర వహించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించాడు. చూపు కోల్పోయిన స్థితిలో కూడా రచనలు సాగించిన చిలకమర్తి, రాజమండ్రిలో దళిత బాలుర కోసం పాఠశాల నడిపినవాడు.

ఈ సభలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. భారతదేశంలో ఏర్పడిన తొలి గ్రంథాలయ సంఘంగా దీనిని పేర్కొంటారు. ఇదే తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘంగా కొనసాగింది. 1908లో విజయవాడ నుండి స్వరాజ్య పత్రికను నడిపి కారాగార శిక్ష అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తరువాత చాలాకాలం సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. వయోజన విద్యను గ్రంథాలయంతో ముడిపెట్టడంలో ఆయన కృషి ప్రధానమైనది. విజయవాడలోని సంఘ కార్యాలయానికి సర్వోత్తమ భవనమని ఆయన పేరే పెట్టారు.

గ్రంథాలయ సర్వస్వము

సంఘం తరఫున గ్రంథాలయ సర్వస్వము అనే పత్రికను వెంకటరమణయ్య సంపాదకత్వంలో ప్రారంభించారు. గ్రంథాలయాల కోసమే వెలువడిన తొలి తెలుగు పత్రిక ఇది. పుస్తకాల వర్గీకరణ, గ్రంథాలయ నిర్వహణ, వివిధ ఊళ్ళ గ్రంథాలయాల వార్తలు ఇందులో వచ్చేవి. ఆర్థిక ఇబ్బందుల వలన పత్రిక పలుమార్లు ఆగి తిరిగి మొదలైంది. ఈయన 1924లో ఇండియన్ లైబ్రరీ జర్నల్ అనే ఇంగ్లీషు పత్రికను కూడా ప్రారంభించాడు.

గ్రంథపాలకులకు తగిన శిక్షణ లేకపోతే సంస్థలు నిలవవని సంఘం భావించి 1920లో విజయవాడలో శిక్షణ తరగతి నిర్వహించింది. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరుతో ఊరూరా తిరిగి ప్రచారం చేశారు.

ఊరికి కూడలిగా గ్రంథాలయం

వెంకటరమణయ్య నడిపిన ఉద్యమంలో గ్రంథాలయం పని పుస్తకాలు ఇవ్వడంతో ముగిసేది కాదు. సాయంకాలం వార్తాపత్రికను బిగ్గరగా చదివి వినిపించేవారు. చదువురాని రైతులు, కూలీలు చుట్టూ కూర్చొని వినేవారు. రాత్రి బడులు నడిచేవి. హరికథలు, భజనలు, పురాణ కాలక్షేపం, ఉపన్యాసాలు అక్కడే జరిగేవి. పండుగనాటి సభకు, జాతీయోద్యమ సమావేశానికి కూడా అదే వేదిక. ఈ కారణంగానే బ్రిటిషు ప్రభుత్వం గ్రంథాలయాలను అనుమానంతో చూసింది.

ఒకరు చదివితే పదిమంది వినే ఈ పద్ధతి వలన వార్తలతో పాటు వ్యవసాయం, పారిశుద్ధ్యం, రోగ నివారణ వంటి విషయాలు కూడా అక్షరం రానివారికి చేరే మార్గం ఏర్పడింది. వైద్యుడు లేని పల్లెలో గ్రంథాలయం వైద్యశాలకు బదులు కాలేదు. కాని సందేహం వచ్చినప్పుడు వెళ్ళి అడగడానికి, తెలిసినవారిని కలుసుకోవడానికి రుసుము లేని ఒక చోటు ఉండటమే పెద్ద మార్పు.

బరోడా సంస్థానం ఈ విషయంలో ఆదర్శంగా నిలిచింది. మహారాజా శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుండి డబ్ల్యూ. ఏ. బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి సంస్థానమంతటా గ్రంథాలయాలు నెలకొల్పించాడు. అక్కడి గ్రంథాలయ శాఖ స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక విభాగాలు నడిపింది. చదువురానివారి కోసం మేజిక్ లాంతరు, చలనచిత్ర ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. అయితే బరోడాలో రాజు ఆజ్ఞ, ఖజానా సొమ్ము ఉన్నాయి. ఆంధ్రలో చందాలు, స్వచ్ఛంద కార్యకర్తలు మాత్రమే ఉన్నారు. ఈ తేడా ఆంధ్ర ఉద్యమానికి బలం, బలహీనత కూడా.

పడవ గ్రంథాలయం

కాలువల ప్రాంతమైన కృష్ణా డెల్టాకు తగిన సంచార గ్రంథాలయం 1935లో వచ్చింది. గుంటూరు జిల్లా పెదపాలెం గ్రామానికి చెందిన పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవపై పుస్తకాలు పంపిణీ చేసే ఏర్పాటు చేశాడు. ఒడ్డున ఉన్న ఊళ్ళవారికి, పడవలో ప్రయాణించేవారికి పుస్తకాలు అందాయి. గ్రంథాలయానికి రాలేనివారి వద్దకు గ్రంథాలయమే వెళ్ళాలనే భావనకు ఇది మంచి ఉదాహరణ. నాగభూషణం తరువాత విజయవాడ చేరి గ్రంథాలయ సంఘానికి, గ్రంథాలయ సర్వస్వానికి ప్రధాన కార్యకర్త అయ్యాడు.

అఖిల భారత స్థాయిలో

1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా గ్రంథాలయ శాఖకు చెందిన జె. ఎస్. కుడాల్కర్ దీనికి అధ్యక్షుడు. ఈ సభ ఏర్పాటుకు, అందులో పుట్టిన అఖిల భారత సంఘానికి వెంకటరమణయ్య ముఖ్య కారకుడు. 1968 నుండి నవంబరు 14ను జాతీయ గ్రంథాలయ దినోత్సవంగా పాటించడానికి ఈ మహాసభే ఆధారం. ఆనాటి నుండి నవంబరు 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఇదే రోజు జవహర్‌లాల్ నెహ్రూ జన్మదినం కూడా కావడంతో రెండింటికీ సంబంధం ఉందని కొందరు పొరబడతారు.

చట్టం, దాని ఫలితాలు

చందాలపై ఆధారపడిన గ్రంథాలయాలు ఎక్కువకాలం నిలవలేవని ఉద్యమకారులకు అనుభవంలో తెలిసింది. ఎస్. ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఆ సొమ్ముతో గ్రంథాలయాలు నడపడం దీని ముఖ్యాంశం. తెలంగాణ ప్రాంతానికి 1955లో హైదరాబాదు చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రూపొందింది. దీని క్రింద జిల్లా గ్రంథాలయ సంస్థలు పనిచేస్తున్నాయి.

చట్టం వలన భవనాలకు, జీతాలకు, పుస్తకాలకు స్థిరమైన ఆధారం దొరికింది. అదే సమయంలో స్వచ్ఛంద గ్రంథాలయాలు అనేకం క్షీణించాయి, కొన్ని ప్రభుత్వ వ్యవస్థలో కలిసిపోయాయి. చదివి వినిపించడం, రాత్రి బడి వంటి పనులు వెనుకబడ్డాయి. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్ను గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కాకపోవడం చాలాకాలంగా ఉన్న సమస్య. ఇప్పుడు పట్టణ గ్రంథాలయాలలో పోటీపరీక్షలకు చదువుకొనే యువత, వార్తాపత్రికల కోసం వచ్చే వృద్ధులు ఎక్కువగా కనిపిస్తారు. రుసుము లేకుండా గంటల తరబడి కూర్చొనే చోటు కావడం వలన ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇవి నేటికీ ఆసరా.

ఇతర దేశాలలో గ్రంథాలయాలకు ఆరోగ్య, సామాజిక సేవా బాధ్యతలు అప్పగించే ప్రయత్నాలు ఇటీవల పెరిగాయి. ఇంగ్లండులో 2013 నుండి మానసిక ఆరోగ్యానికి తోడ్పడే పుస్తకాలను వైద్యుల సలహాపై పౌర గ్రంథాలయాల ద్వారా అందించే పథకం నడుస్తున్నది. గ్రంథాలయం సమాజానికి కూడలి కావాలనే ఈ ఆలోచన విజయవాడలో 1914 నాటికే మొదలైన పనికి దగ్గరగా ఉంటుంది.

గుర్తింపు, మరణం

వెంకటరమణయ్య జీవితాంతం గ్రంథాలయ సేవలోనే గడిపాడు. 1972లో పద్మశ్రీ పురస్కారం పొందాడు. 1979 మార్చి 7న మరణించాడు. ఈయన పునాది వేసిన సంఘం, పత్రిక విజయవాడ కేంద్రంగా తరువాతి తరాలకు అందాయి.