గాజు ఊదిన రామ్సే

పెబ్బేరులో మా ఇంట్లో నేను కట్టిన నిక్సీ గడియారం ఉంది. ఐఎన్-14 ట్యూబులు, సోవియట్ కాలంవి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను, దొరకలే. ఆఖరికి ఉక్రెయిన్‌లో పాత స్టాకు అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకున్నా. వీటికి 12 వోల్టులను 170 దాకా పెంచాలి, ప్రతి ఆనోడుకూ ఒక రెసిస్టర్ పెట్టాలి. గ్యాసు ఒకసారి అంటుకుంటే కరెంటు తనంతట తాను ఆగదు మరి. (పని చేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అందుకే చెబుతున్నా.) అంకెల్లో కనబడే ఆ నారింజ వెలుగు నియాన్‌ది. దాన్ని మొట్టమొదట చూసిన ఇద్దరిలో ఒకరు సర్ విలియం రామ్సే.

ఆయన 1852లో గ్లాస్గోలో పుట్టారు. గాజు ఊదడంలో మహా నేర్పరి, తన ప్రయోగాలకు కావలసిన గాజు సామాను తానే చేసుకునేవారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్‌గా ఉండగా లార్డ్ రేలీ ఒక చిక్కుముడి బయటపెట్టారు. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరు 1.257 గ్రాములు తూగుతోంది, రసాయనాల నుంచి తీసినదేమో 1.250. మనమైతే ల్యాబ్ రికార్డులో ఎర్రర్ అని రాసి సంతకం పెట్టించుకుంటాం. రామ్సే వదల్లేదు. ఎర్రగా కాలిన మెగ్నీషియం మీదుగా ఆ గ్యాసును మళ్లీ మళ్లీ పంపి నైట్రోజన్ అంతా పీల్పించేశారు. అయినా కాస్త మిగిలింది. అదే ఆర్గాన్, 1894. మరుసటేడు హీలియం. 1898లో 26 ఏళ్ల మోరిస్ ట్రావర్స్‌తో కలిసి ద్రవ గాలిని భాగాలుగా మరిగిస్తుంటే మే నెలలో క్రిప్టాన్, జూన్‌లో నియాన్ దొరికాయి. ట్యూబులో నింపి హై వోల్టేజీ ఇచ్చేసరికి ఎర్రటి మంటలా వెలిగింది. లాటిన్‌లో కొత్తది అనే అర్థమొచ్చే పేరు పెట్టమని కొడుకు అడిగాడట, తండ్రి దాన్ని గ్రీకులోకి మార్చారు. 1904లో నోబెల్.

తర్వాత తప్పటడుగూ పడింది. రాగి లిథియంగా మారుతోందని 1907లో ప్రకటించారు. మేరీ క్యూరీ ప్లాటినం పాత్రలో చేసి చూస్తే లిథియం కనబడలేదు. అది గాజులోంచి వచ్చి ఉంటుందని తేలింది. గాజును అంత ఎరిగిన మనిషి గాజు చేతిలోనే మోసపోయారు!

అంతకుముందే, 1900లో, జంషెట్‌జీ టాటా పిలిస్తే ఆయన మన దేశానికొచ్చి, సైన్సు సంస్థకు బెంగళూరు తగిన ఊరని చెప్పి వెళ్లారు. ఆ సంస్థకు మొదటి డైరెక్టర్ ట్రావర్సే. మా పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు హైవే బెంగళూరుకే పోతుంది.

రామ్సే 1916లో క్యాన్సర్‌తో పోయారు. బరోస్ కంపెనీ నిక్సీ ట్యూబును తెచ్చింది 1955లో. నా రెండో ట్యూబులో 5 అంకె ఇప్పుడు సగమే వెలుగుతోంది. వాడకుండా ఉన్న కాథోడ్ మీద పూత పేరుకుంటుంది. అందుకని రోజూ రాత్రి కాసేపు అంకెలన్నీ తిప్పుతున్నా.