రూమా బావిని అందరిదీ చేసిన హజ్రత్ ఉస్మాన్ (రజి)

మూడో ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) మక్కాలో పేరున్న వ్యాపారి. హిజ్రత్ చేసి మదీనా చేరాక ముస్లింలకు మంచినీళ్ల ఇబ్బంది వచ్చింది. రూమా బావి నీళ్లు తియ్యనివే, కానీ యజమాని డబ్బులకే పోసేవాడు. పేదోళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ బావిని కొని అందరికీ ఇచ్చేవారికి ప్రవక్త (స) స్వర్గ శుభవార్త చెప్పారు.

ఉస్మాన్ (రజి) ముందు సగం వాటా కొన్నారని ఉల్లేఖనాలున్నాయి. ఒక రోజు ఈయనది, మర్నాడు యజమానిది. ఈయన వంతు రోజున జనం రెండు రోజులకు సరిపడా నీళ్లు ఉచితంగా తోడుకునేవారు. మర్నాడు కొనేవాళ్లే లేరు. దాంతో యజమాని మిగతా సగమూ అమ్మేశాడు. ఈయన బావి మొత్తాన్నీ వక్ఫ్ చేసేశారు. తనకంటూ ప్రత్యేక హక్కు ఉంచుకోలేదు.

656లో తిరుగుబాటుదారులు ఇంటిని ముట్టడించి, ఆయనకే ఆ నీళ్లు అందనివ్వలేదు. అక్కడే షహీద్ అయ్యారు. మదీనాలో ఆ బావి నేటికీ ఆయన పేరుతోనే ఉంది.