గోటూ వద్దన్న డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా గారు 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రం, తల్లి గణితం చదివినవారు. 1952లో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రాములు రాసే పనిలో చేరారు. 1957లో పెళ్లి కాగితాల్లో తన వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి ఉద్యోగమే లేదన్నారు. చివరకు భౌతిక శాస్త్రవేత్త అని రాయాల్సి వచ్చింది! ఇప్పుడు ఆ ఉద్యోగం కోసమే మా సీనియర్లు రాత్రింబవళ్లు చదువుతున్నారు.

రేపల్లె నుంచి బాపట్లకు తెనాలి మీదుగా వెళ్లాలా, చెరుకుపల్లి మీదుగానా? ఇలాంటి లెక్కలో దగ్గరి దారిని తేల్చే పద్ధతిని 1956లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని 20 నిమిషాల్లో ఆలోచించారు. అది 1959లో అచ్చయింది.

మేము ముఖ్యంగా చెప్పదలచింది గోటూ సంగతి. ప్రోగ్రాములో ఒక వరుస నుంచి మరెక్కడికైనా దూకమని చెప్పే ఆజ్ఞ అది. 1968లో దాన్ని మానేయాలని ఆయన ఒక పత్రికకు లేఖ రాశారు. కారణం మా ఊరి రైలుతో చెబుతాం. వేమూరులో ఆగిన రైలు తెనాలి నుంచి వచ్చి ఉండాలి, లేదా రేపల్లె నుంచి. పట్టాలు లేకుండా ఎక్కడికైనా దూకే రైలైతే ఎటు నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? తప్పు ఎక్కడ జరిగిందో ఎలా వెతుకుతాం?

యంత్రం లోపల దూకుడు ఆజ్ఞ ఎప్పుడూ ఉంటుంది. ఇఫ్, వైల్ అని మనం రాసినవాటిని కంపైలరు దూకుళ్లుగానే మారుస్తుంది. మన చేతికి మాత్రం ఇవ్వదు. 1990లలో వచ్చిన జావాలో గోటూ అనే మాటను ఎవరూ వాడకుండా అట్టేపెట్టారు, దానికి పని మాత్రం ఇవ్వలేదు. సీ భాషలో ఇప్పటికీ ఉంది. లినక్స్ రాసేవారు పొరపాటు వచ్చినచోట తీసుకున్న మెమరీని తిరిగి అప్పగించడానికి దాన్ని వాడుతూనే ఉన్నారు. కనుక ఆయన మాటను అందరూ పూర్తిగా ఒప్పుకున్నారని అనలేం.

1972లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. 1984 నుంచి అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 2002 ఆగస్టు 6న స్వదేశంలో కన్నుమూశారు. 1300కు పైగా వ్యాసాలకు నంబర్లు వేసి, చాలావరకు ఇంకు పెన్నుతోనే రాసి, జిరాక్సు తీసి మిత్రులకు పంపేవారు. ల్యాబులో వంతు వచ్చేదాకా నోటుబుక్కులోనే ప్రోగ్రాము రాసుకునే మాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే.