మిల్టన్ బ్రాడ్లీ

ఆటల ప్రచురణమును గొప్ప వ్యాపారముగా నెలకొల్పిన మిల్టన్ బ్రాడ్లీ 1836 వ సంవత్సరము నవంబరు 8 వ తేదీన అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించెను. 1860 లో నాతడు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున శిలాముద్రణశాలను స్థాపించి, ఏబ్రహాము లింకనుగారి చిత్రపటమును ముద్రించి యమ్మెను. అంతలో లింకనుగారు గడ్డము పెంచిరి. గడ్డములేని పటమును కొనువారు లేక, అచ్చుయంత్రమునకు పని తప్పెను.

బ్రాడ్లీ ధైర్యము వీడక, చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్ అను గళ్ళయాటను అదే యంత్రముపై ముద్రించెను. అందు పట్టుదల గల గడి విజయమునకును, సోమరితనపు గడి యవమానమునకును చేర్చును. పాచికలు జూదమునకు గుర్తని పెద్దలు రోసెడివారు గనుక, వానికి బదులుగా అంకెల బొంగరము నుంచెను. తొలి యేటనే 40,000 కు పైగా ప్రతులు చెల్లెను. అంతర్యుద్ధకాలమున సైనికుల సంచులలో నిముడు ఆటలపెట్టెలను గూడ నమ్మెను.

1869 లో కిండర్‌గార్టెన్ విద్యనుగూర్చిన గ్రంథమును ప్రకటించి, ఆ బడులకు వలయు సామగ్రిని చేయించెను. అందు చిరకాలము లాభము లేకున్నను విడువలేదు. 1911 మే 30 వ తేదీన మరణించెను.

విద్యార్థులారా! పటము విలువ నాటి వార్తతో తీరును. ఆట విలువ ఆడువారు కూడినప్పుడెల్ల మరల పుట్టును. నష్టమునుండి బ్రాడ్లీ గ్రహించిన వ్యాపారసూత్ర మిదియే.