రాగి రేకు మీద కడరా భోజనం: రాఫెల్ మోర్గెన్ జీవితం

భిలాయి ఉక్కు టౌన్‌షిప్‌లో అయినా, గుంటూరులో అయినా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తరచూ కనిపించే బొమ్మ అది. మధ్యలో క్రీస్తు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు శిష్యులు. గీసింది లియొనార్డో డావిన్చి అని అందరికీ తెలుసు. ఆ బొమ్మను మిలన్ మఠం గోడ మీంచి కాగితం మీదకు తెచ్చి ప్రపంచానికి పంచిన వారిలో ముఖ్యుడు రాఫెల్ మోర్గెన్. ఒకప్పుడు యూరప్ అంతా మారుమోగిన ఈ పేరు ఇప్పుడు కళాచరిత్రకారులకే పరిమితమైంది.

మోర్గెన్ 1758లో నేపుల్స్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి కూడా చెక్కుడు పనివాడే. రోమ్‌లో జొవాన్ని వోల్పాతో దగ్గర పని నేర్చుకుని, ఆయనకే అల్లుడయ్యాడు. 1793లో టస్కనీ పాలకుడు మూడో ఫెర్డినాండ్ పిలుపుతో ఫ్లోరెన్స్ వెళ్లి, అక్కడ ఈ విద్య బోధించాడు.

అప్పటికే మిలన్ చిత్రం శిథిలమవుతోంది. లియొనార్డో తడి సున్నం మీద కాకుండా పొడి గోడ మీద రంగులు వేయడంతో అవి త్వరగానే పెచ్చులూడాయి. 1652లో తలుపు కోసం క్రీస్తు పాదాలున్న చోట గోడను తొలిచేశారు. 1796లో ఫ్రెంచి సైనికులు ఆ భోజనశాలలో గుర్రాలను కట్టేశారు.

తెయోదోరో మత్తెయీని గీసిన నకలును ఆధారం చేసుకుని మోర్గెన్ రాగి రేకు మీద ఉక్కు ఉలితో గీత గీతగా చెక్కాడు. 1800లో అచ్చు వెలువడింది. స్పష్టమైన రేఖ, కుదురైన అమరిక, అదుపులో ఉన్న భావం నాటి నవ్య సంప్రదాయవాద అభిరుచి. గోడ మీద చెరిగిపోయిన ముఖాలు ఈ అచ్చులో తేటగా కనిపించాయి. చాలామందికి ఇదే అసలు చిత్రమైంది.

అయితే ఒక లోటు ఉంది. క్రీస్తు కుడిచేతి దగ్గర లియొనార్డో గీసిన ద్రాక్షారసపు గ్లాసు ఈ అచ్చులో లేదు. సువార్తల్లో ఆ రాత్రి రెండు ఘట్టాలు జరిగాయి. ఒకటి, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని క్రీస్తు చెప్పడం. రెండోది, రొట్టె, ద్రాక్షారసాలను తన శరీర రక్తాలుగా పంచడం. గ్లాసు మాయం కాగానే రెండో ఘట్టం మసకబారింది. ఈ అచ్చును ముందు పెట్టుకునే జర్మన్ కవి గోథే 1817-18లో రాసిన ప్రసిద్ధ వ్యాసం చిత్రాన్ని ద్రోహ ప్రకటనగానే వివరించింది. తరతరాల పాఠకులు ఆ దారినే నడిచారు.

1833లో మోర్గెన్ ఫ్లోరెన్స్‌లో కన్నుమూశాడు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన శుద్ధి పనులు 1999లో ముగిశాక గోడ మీది గ్లాసు మళ్లీ తేటగా కనిపించింది. చిత్రాన్ని జనానికి చేర్చిన చేయే దాని అర్థాన్ని కొంత తగ్గించిందని అప్పుడు మరింత స్పష్టమైంది.