చిత్రరంగ కృషీవలుడు ఎల్. వి. ప్రసాద్

విజయవాడ వద్ద కృష్ణానదికి కట్టిన ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. అక్కడ బయలుదేరిన కాలువలలో ఒకటి ఏలూరు వరకు సాగును. ఏలూరునకు సమీపమున సోమవరప్పాడు అను పల్లె గలదు. అది నేడు ఏలూరు జిల్లాలోనిది. 1925 వరకు కృష్ణా జిల్లాలో చేరియుండెను. ఆ పల్లెలో 1908 జనవరి 17వ తేదీన అక్కినేని శ్రీరాములు, బసవమ్మ దంపతులకు లక్ష్మీవరప్రసాదరావు జన్మించెను. ఎల్. వి. ప్రసాద్ అను పేర తెలుగువారందరకు తెలిసిన దర్శకుడు ఆయనయే.

వారిది రైతు కుటుంబము. గారాబముగా పెరిగిన ఆ బాలునకు చదువుపై మనసు నిలువలేదు. ఊరికి నాటకసమాజము వచ్చినచో మాత్రము రేయెల్ల మేల్కొని చూచెడివాడు. అది మాటలులేని చలనచిత్రములు పట్టణములలో వ్యాపించుచున్న కాలము. విజయవాడలో 1921లోనే మారుతీ సినిమాహాలు వెలసెను. తెరమీద కదలు బొమ్మలు ప్రసాదరావు మనసును పూర్తిగా లోబరచుకొనెను. చుట్టుపట్ల ఆడు నాటకములలో అతడు చిన్నచిన్న వేషములు కూడ వేసెను.

పదునేడవ యేట అతనికి మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహమయ్యెను. ఇంతలో తండ్రికి అప్పులు పెరిగెను. భూములు అమ్ముకొనవలసి వచ్చెను. చదువు లేదు, చేతిలో పని లేదు, ఇంట గౌరవము తగ్గుచుండెను. 1930 ప్రాంతమున ఒకనాడు అతడు ఎవరికిని చెప్పకుండ, నూరు రూపాయలు వెంటనిడుకొని బొంబాయి చేరెను. ఇంటివారిని అట్లు విడిచి పోవుట తేలికయైన పని కాదు. ఏదో ఒకటి సాధించిననే గాని తిరిగి ముఖము చూపుటకు వీలులేని స్థితిని అతడు తనకు తానే కల్పించుకొనెను.

బొంబాయిలో ఊరు కొత్త, భాష కొత్త. వీనస్ ఫిలిం కంపెనీలో చెప్పిన పనియెల్ల చేయు కుఱ్ఱవానిగా అతడు జీవితము ప్రారంభించెను. తరువాత అర్దేషిర్ ఇరానీ నడపుచున్న ఇంపీరియల్ కంపెనీలో ప్రవేశము దొరకెను. అచటి గుమాస్తాకు అంత పొడవు పేరు వ్రాయుట కష్టమై, దానిని ఎల్. వి. ప్రసాద్ అని కుదించెను. భారతదేశపు తొలి మాటల చిత్రమైన ఆలం ఆరా 1931లో వెలువడెను. ఆ సంవత్సరమే తొలి తమిళ టాకీ కాళిదాస్, 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చెను. ఈ మూడింటను ప్రసాద్ నటించెను.

భక్త ప్రహ్లాదలో ఆయనకు దొరకినది హాస్యపాత్ర. చండామార్కుల బడిలో ఎంత చెప్పినను పాఠము తలకెక్కని మొద్దు విద్యార్థి వేషమది. నిజజీవితమున చదువు అబ్బని ఆయన, ఆ వేషము వేసి ప్రేక్షకులను నవ్వించెను.

అయినను అదృష్టము వెంటనే కలిసిరాలేదు. చాలకాలము చిన్న వేషములతోను, సహాయ దర్శకుని పనితోను గడపవలసి వచ్చెను. పనులు లేని దినములలో ఒక సినిమాహాలు వద్ద కాపలా కాయుటకు కూడ ఆయన సిగ్గుపడలేదు. పృథ్వీరాజ్ కపూర్ నడపిన పృథ్వీ థియేటర్స్‌లో పనిచేసి నాటకానుభవము పెంచుకొనెను. చిత్రనిర్మాణమునందలి ప్రతి పనిని క్రింది మెట్టు నుండి నేర్చుకొనుటకు ఇట్లు పదునైదేండ్లు పట్టెను.

1946లో వచ్చిన గృహప్రవేశము చిత్రమునకు ఆయన దర్శకుడు, కథానాయకుడు కూడ. భానుమతి నాయిక. ఆ విజయముతో ప్రసాద్ దర్శకునిగా నిలద్రొక్కుకొనెను. గూడవల్లి రామబ్రహ్మము మరణించుటచే నిలిచిపోయిన పల్నాటి యుద్ధమును పూర్తిచేసి 1947లో వెలువరించెను. 1949లో మనదేశము చిత్రమున పోలీసు ఇన్‌స్పెక్టరు పాత్ర నిచ్చి, కృష్ణా జిల్లా నిమ్మకూరు యువకుడు నందమూరి తారక రామారావును తెరకు పరిచయము చేసెను.

తదుపరి చిత్రములలో ఆయన హాస్యదృష్టి పూర్ణముగా వికసించెను. షావుకారు (1950) డబ్బే సర్వస్వమనుకొను వడ్డీవ్యాపారి కథ. పెళ్ళి చేసి చూడు (1952) వరకట్నమును పరిహసించినది. చక్రపాణి రచించిన మిస్సమ్మ (1955)లో, ఉద్యోగము లేని యువతీయువకులు ఇద్దరు భార్యాభర్తలమని చెప్పి పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులుగా చేరుదురు. వారు పడు చిక్కులు చూచి నవ్వుచున్నను, నిరుద్యోగము ఎంతటి అబద్ధమాడించునో మనకు తెలియును. అప్పు చేసి పప్పుకూడు (1959) పేరులోనే దాని నీతి యున్నది. అప్పుల వలన ఇల్లు చితికిన కుమారుడే, అప్పు చేసి ఆడంబరముగా బ్రదుకు వారిని చూచి ఊరంతయు నవ్వునట్లు చేసెను. ఆయన హాస్యము పేదవానిని, అమాయకుని నొప్పింపలేదు. దురాశను, డంబమును మాత్రమే గేలిచేసెను. నటులకు ప్రతి సన్నివేశమును తానే నటించి చూపుట ఆయన పద్ధతి.

1956లో స్థాపించిన ప్రసాద్ ప్రొడక్షన్స్ పక్షమున ఆయన హిందీలో శారద, ఛోటీ బహన్, మిలన్ మొదలగు చిత్రములను నిర్మించెను. మద్రాసులో స్టూడియోను, ఫిలిం లేబొరేటరీని నెలకొల్పెను. 1982 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను.

1981లో కమల్ హాసన్ అంధ సంగీతకారునిగా నటించిన అమావాస్య చంద్రుడు చిత్రమున నాయికకు తాతగా ప్రసాద్ మరల తెరపై కనబడి నవ్వించెను. ఆ తరువాత హైదరాబాదులో నేత్ర వైద్యాలయమునకై భూమిని, కోటి రూపాయల ధనమును దానము చేసెను. 1987లో ప్రారంభమైన ఆ సంస్థ ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థయని ప్రసిద్ధి చెందెను. 1994 జూన్ 22వ తేదీన ఆయన మద్రాసులో కన్నుమూసెను.

బడిలో వెనుకబడుటయే జీవితమున వెనుకబడుట కాదు. తనకు ఏది ప్రియమో గుర్తించి, దానికై ఏ చిన్న పనినైనను శ్రద్ధతో చేసినవాడు ఎంత యెత్తునకు ఎదుగగలడో ప్రసాద్ జీవితము చాటుచున్నది. చీకటిగదిలో వెండితెరను చూచి మురిసిన ఆ పల్లె బాలుని పేరు, నేడు చూపు కోల్పోయినవారికి వెలుగునిచ్చు వైద్యాలయమునకు నిలిచియున్నది.