దారి ప్రక్క పాఠశాల: డాక్టరు ఐడా స్కడ్డరు జీవితము

సువార్తలలో మన ప్రభువు బాగుచేసిన రోగులు ఎచ్చట నుండిరో ఒకసారి చూడుడి. బర్తిమయి త్రోవ ప్రక్కను కూర్చుండెను. రక్తస్రావము గల స్త్రీ నడుచు దారిలోనే ఆయన వస్త్రమును ముట్టెను. పదిమంది కుష్ఠరోగులు ఒక గ్రామములో ప్రవేశించుచుండగా ఎదురైరి. శిష్యులు ఆయన వెంట నడచుచు నేర్చుకొనిరి. మన చిత్తూరు సీమవారు రాయవేలూరు అని పిలుచు వేలూరులో ఒక డాక్టరమ్మ తన విద్యార్థినులకు వైద్యము నేర్పిన తీరు చదివినప్పుడు ఈ సంగతి జ్ఞాపకము వచ్చును.

ఐడా సోఫియా స్కడ్డరు 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. తాత జాన్ స్కడ్డరు 1819లో సిలోనుకు వచ్చిన వైద్య మిషనెరీ. తండ్రి, ఆయన పేరే గలవాడు, ఆర్కాటు మిషనులో వైద్యుడు. ఇంతటి వంశములో పుట్టిన పిల్ల తానును మిషనెరీ కావలెనని కోరుకొనెనని మనము తలంతుము. అట్లు కాలేదు. 1877-78 సంవత్సరముల కరవులో ఆకలిగొన్న బిడ్డలకు రొట్టె ముక్కలు పంచి, దారిలో పడియున్న శవములను చూచిన ఆ చిన్నది, ఈ దేశము విడిచి అమెరికాలో సుఖముగా బ్రతుకవలెనని నిశ్చయించుకొనెను. అక్కడ నార్త్‌ఫీల్డు పాఠశాలలో చదివి, తల్లి జబ్బుపడినందున 1890లో తిండివనమునకు వచ్చెను. తల్లి కోలుకొనగానే తిరిగి వెళ్ళుటయే ఆమె ఉద్దేశము.

ఆ తిండివనము ఇంట ఒక రాత్రి జరిగినది చాలమందికి తెలిసిన కథయే. ఒక బ్రాహ్మణుడు వచ్చి తన చిన్న భార్య ప్రసవ వేదనలో నున్నదని మొరపెట్టెను. నేను వైద్యురాలను కాను, నా తండ్రి వచ్చునని ఐడా చెప్పెను. పరపురుషుడు ఆమెను చూడరాదని అతడు వెళ్ళిపోయెను. తరువాత ఒక మహమ్మదీయుడును, ఆ వెనుక మరియొక హిందువును అదే మొరతో వచ్చి, అదే మాటతో వెళ్ళిరి. తెల్లవారిన తరువాత విచారింపగా ముగ్గురు స్త్రీలును చనిపోయిరని తెలిసెను. తండ్రి ఆ ఊరిలోనే యుండెను, మందులును ఉండెను. చేయి వేయుటకు ఒక స్త్రీ మాత్రము లేకపోయెను. ఐడా అమెరికాకు వెళ్ళెను గాని, వైద్యము చదువుటకు వెళ్ళెను. 1899లో కార్నెలు వైద్య కళాశాలలో పట్టము పొందెను. షెల్ అను ధనికుడు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన 10,000 డాలర్లతో 1900వ సంవత్సరారంభమున తిరిగి వచ్చెను.

వచ్చిన కొలది నెలలకే తండ్రి మరణించెను. ఆయన చేతిక్రింద పని నేర్చుకొందునని తలంచినది ఇప్పుడు ఒంటరిదాయెను. బంగళాలో పది అడుగులు పండ్రెండు అడుగుల గదియే దవాఖానా. ఇంటి పనిలో నుండిన సలోమి అను స్త్రీయే సహాయకురాలు. 1902లో నలుబది పడకల మేరీ టేబరు షెల్ ఆస్పత్రి తెరువబడెను.

అయితే నలుబది పడకలు ఎవరికి చాలును? పల్లెలవారు బండి కట్టుకొని వేలూరు చేరునప్పటికి రోగము ముదిరిపోవుచుండెను. కనుక వారమునకొకసారి ఆమెయే గుడియాత్తము దారిని బయలుదేరెను. 1909లో ఒక చిన్న పెజో మోటారు వచ్చెను. ఆ శబ్దమునకు మొదట జనులు దయ్యమని పరుగెత్తిరట! తరువాత ఆ జనులే చెట్ల క్రింద తెల్లవారుఝామునుండి కనిపెట్టుకొని యుండిరి. ఇట్లు వేళ తప్పక ఆగు చోట్లు ఏర్పడెను. పుండ్లు కడుగుట, పళ్ళు పీకుట, కండ్లలో మందు వేయుట, కుష్ఠరోగులకు కట్లు కట్టుట, అన్నియు ఆ నీడనే జరిగెను.

స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టెదనని ఆమె అడిగినప్పుడు మద్రాసు అధికారి ముగ్గురు వచ్చినను గొప్పయేనని హెచ్చరించెను. 151 దరఖాస్తులు వచ్చెను. 1918 ఆగస్టు 12న పాఠశాల ఆరంభమాయెను. మొదటి సంవత్సరపు పరీక్షకు పోయిన పదునలుగురును కృతార్థులైరి. ఆ పరీక్షలో మగ విద్యార్థులలో అయిదుగురిలో ఒక్కడే గట్టెక్కుచున్న దినములవి.

మన మాటకు ముఖ్యమైనది ఇక్కడనున్నది. ఐడమ్మ ఆ బాలికలను వార్డులలోనే ఉంచలేదు. వంతులవారీగా మోటారులో ఎక్కించుకొని దారిప్రక్క దవాఖానాలకు తీసికొనిపోయెను. ఆస్పత్రి మంచము మీద విద్యార్థిని చూచునది రోగమును. ఊరిలో చూచునది ఆ రోగము పుట్టిన చోటును: చెరువు నీరు, చీకటి గది, మంత్రసాని చేతి గుడ్డ. బాగుచేసి పంపిన బిడ్డ అదే పుండుతో మరల రెండు వారములకు వచ్చినచో, పుస్తకములో లేని ప్రశ్న అప్పుడు పుట్టును. పట్టణములో ఎంత చదివినను ఈ ప్రశ్న పుట్టనివారు సగము వైద్యులేయని నా అభిప్రాయము.

1938 ప్రాంతమున ప్రభుత్వము చిన్న పట్టాల పాఠశాలలను నిలిపివేసి, విశ్వవిద్యాలయపు పట్టముండవలెనని శాసించెను. పాఠశాల మూతపడునట్లుండెను. ఐడమ్మకు డెబ్బది యేండ్లు కావచ్చెను. ఆమె అమెరికాలో ఊరూర తిరిగి ద్రవ్యము కూర్చెను. పురుషులనుకూడ చేర్చుకొనుటకు సమ్మతించినందున, స్త్రీల కొరకని విరాళములు పోగుచేసిన ప్రాణస్నేహితురాలు లూసీ పీబాడీ తీవ్రముగా ఎదిరించెను. ఆ దుఃఖము సామాన్యమైనది కాదు. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయము కళాశాలను అంగీకరించెను. 1947లో మొదటి యువకులు చేరిరి.

పాత మోటారు పోయినను పద్ధతి పోలేదు. వేలూరు కళాశాల నేటికిని మొదటి సంవత్సరపు విద్యార్థులను కొంతకాలము పల్లెలో బసచేయించి ఇంటింటికి పంపుచున్నది. సంఘములు సిఫారసు చేసి పంపినవారు పట్టము పొందిన పిమ్మట రెండేండ్లు మిషను ఆస్పత్రులలో పనిచేయుదుమని ఒప్పుకొందురు. ఆ రెండేండ్లు వ్యర్థమని సణుగు తల్లిదండ్రులును లేకపోలేదు. కాని కరెంటు పోయిన రాత్రి, ఒక నర్సు తోడుతో, కష్టమైన కాన్పును ఎదుర్కొన్న యువ డాక్టరు ఏమి నేర్చునో తిండివనపు ముగ్గురు భర్తలను తలంచుకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఐడమ్మ 1946లో పదవి విరమించి కొడైకెనాలులో నివసించెను. 1960 మే నెలలో, తన యెనుబదితొమ్మిదవ యేట, అచ్చటనే ప్రభువునందు నిద్రించెను.